బటన్ పధ్నాలుగు, మెట్లు పదమూడు

బావకు,

నమస్కారం. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. బాగున్నామంటే, నాకు దగ్గు తగ్గింది, మీ చెల్లెమ్మకి నా మీద విసుగు తగ్గలేదు. రెండూ మామూలే. అక్కడ నువ్వూ అక్కా బాగున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. నీ కంటి ఆపరేషన్ వచ్చే నెలకు వాయిదా పడిందన్నావు. డాక్టరు ఆగమంటే ఆగు. నువ్వు తొందరపడేది ఒక్క డాక్టరు దగ్గరే.

అక్కా, ఇది చదువుతున్నది నువ్వే కాబట్టి నీకో మాట. ఈసారి ఉత్తరం పొడుగు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి వచ్చి కూర్చో. మోకాలి కింద దిండు పెట్టుకో. ఒక్క వాక్యం కూడా దాటవేయకుండా, మధ్యలో నీ వ్యాఖ్యానం కలపకుండా బావకి వినిపించు. వ్యాఖ్యానం చివర్న చేద్దువు గాని. చేయాల్సి వస్తుంది కూడా.

బావా, పోయిన ఉత్తరంలో హోటల్ పుస్తకం గురించి చాలా అడిగావు. నువ్వడిగిన వరసలో కాదు, నాకు వీలైన వరసలో చెబుతాను.

పుస్తకం పని నా నెత్తిన ఎలా పడిందంటే, హోటల్‌కి ఈ ఏడు యాభై నిండుతాయి. కొత్త మేనేజరుకి చరిత్ర కావాలి. ముప్పై ఎనిమిదేళ్ళు పత్రికలో చేసి ఈ మధ్యే రిటైరైనవాణ్ణని ఎవరో నా పేరు చెప్పారు. ఆయన నన్ను కూర్చోబెట్టి, "ఫోటోలు ఎక్కువ, గొడవలు తక్కువ ఉండేట్టు చూడండి" అన్నాడు. సరేనన్నాను. నాలుగు నెలలుగా కింది గదుల్లో పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాను.

పునాదిలో నీళ్ళ సంగతి రాశావా అని అడిగావు. రాశాను. అక్కడ ముందుండేది నూలు గోదాము. దాన్ని కూలగొట్టి తవ్వితే ఇరవై రెండో అడుగులో నీళ్ళు పడ్డాయి. ఏడు నెలలు పంపులు ఆగకుండా నడిచాయి. కాంట్రాక్టరు "ఇక్కడ హోటల్ కాదు, చేపల చెరువు కట్టుకోండి" అని యజమానికి రాసిన ఉత్తరం దొరికింది. ఆ నీళ్ళు పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఉతుకుడు గదిలో గోడవారగా ఇప్పటికీ తడి ఉంది. నువ్వు పందొమ్మిదేళ్ళు రబ్బరు బూట్లతో తొక్కింది ఆ నీళ్ళే.

ఎత్తు విషయంలో నువ్వు చెప్పిందే నిజం. తొమ్మిదేళ్ళు ఊరంతటికీ ఎత్తయిన మేడ అదే. తర్వాత ఎదురు వీధిలో బ్యాంకు మేడ నాలుగు అంతస్తులు ఎక్కువ లేచింది. అప్పటి మేనేజరు రోషపడి మన మేడ మీద జెండా కర్ర పాతించి, కర్రను కూడా ఎత్తులో కలిపి పత్రికలకు చెప్పాడు. మా పత్రిక కలిపి వేసింది. నేను పుస్తకంలో కలపలేదు.

తిరుగుడు తలుపు ఉంది గానీ తిరగడం లేదు. గాజు తలుపులొచ్చాయి, మనిషిని చూసి వాటంతటవే జరుగుతాయి. పాతదాన్ని ఒక మూల బొమ్మలా నిలబెట్టారు. తలుపు దగ్గరి మీసాలాయన ఒకసారి గొడుగున్న పెద్దమనిషితో కలిసి అందులో ఇరుక్కుని, పావుగంటసేపు ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్న కథ నువ్వు చెప్పిందే. దాన్ని ముప్పై నాలుగో పేజీలో వేశాను.

ఉతుకుడు గదికి పోకముందు నువ్వు నడిపిన లిఫ్టు, ఆ మూడో నంబరుది, వచ్చే వారం ఊడదీస్తున్నారు. నీ స్టూలు మాత్రం ఇంకా అందులోనే ఉంది. ఒక కాలు కింద నువ్వు మడిచి పెట్టిన అట్టముక్క కూడా ఉంది. అక్కడున్న ముసలి ఎలక్ట్రీషియను దాన్ని చూపించి, "ఆయన ఎక్కినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు. భయపడకండి, నా బండిలో పైకి పోయినవాళ్ళంతా మళ్ళీ కిందికొచ్చారు అని" అంటూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ స్టూలు మీద కూర్చోలేక బయటికి వచ్చేశాను.

అంతస్తులు ఎన్ని రాశావు అని అడిగావు. ప్రకటనల్లో ముప్పై. లిఫ్టులో ఆఖరి బటన్ ముప్పై. నేను నోటుపుస్తకం పట్టుకుని, పనివాళ్ళ మెట్ల దారిన ఆగి ఆగి ఎక్కి లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది. ఇది నీకు కొత్త కాదు. పదమూడు అరిష్టమంటూ ఆ నంబరు అంతస్తులో ఎవరూ దిగరని మొదటి యజమాని ఆ బటనే పెట్టించలేదు. పన్నెండు తర్వాత పధ్నాలుగు. అద్దెకు దిగేవాళ్ళకి ఇబ్బంది లేదు, వాళ్ళు బటన్లే చూస్తారు. ఇబ్బంది మీకు. మెట్ల మీద తుడిచేవాళ్ళూ, బరువులు మోసేవాళ్ళూ అంతస్తులు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాళ్ళు. మెట్ల తలుపుల మీద నంబర్లు లేవు, అతిథులు రాని దారికి రంగు దండగని. అందుకే పన్నెండు దాటిన ఏ అంతస్తు మాటొచ్చినా మీరంతా రెండంకెలూ కలిపి చెప్పుకునేవాళ్ళు. "బటన్ ఇరవై, మెట్లు పందొమ్మిది." "బటన్ పధ్నాలుగు, మెట్లు పదమూడు." నువ్వైతే ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడివి. అక్క వయసెంతని ఎవరో అడిగితే, "బటన్ ముప్పై, మెట్లు ఇరవై తొమ్మిది" అన్నావు. ఆ పూట నీకు అన్నం ఆలస్యమైంది.

ఇప్పుడు మెట్ల దారిలో ప్రతి తలుపు మీదా రెండంకెలూ ఎర్ర రంగుతో రాసి ఉన్నాయి. పైన పెద్దది బటన్ అంకె, కింద చిన్నది మెట్ల అంకె. బటన్ పధ్నాలుగులో మంటలు రేగిన నెలలోపే రాయించారు. మీ నోటి అలవాటు హోటల్‌కి నియమమైంది. అప్పటికి నువ్వు కింద ఉతుకుడు గదిలో ఉన్నావు.

హోటల్‌లో దుప్పట్ల గది చూసుకున్న దుప్పట్లమ్మ బతికే ఉందా అని అడిగావు. ఉంది. డెబ్భై ఎనిమిది. సైకిలు షాపు పైన ఒక గదిలో ఉంటోంది. మంచం మీద దుప్పటి అంచులు ఇప్పటికీ హోటల్‌లో మడిచినట్టే మడుస్తుంది. నాణెం వేస్తే ఎగరాలి అంత బిగువుగా. గొంతు మాత్రం అంతే, గరుకు కాగితం మీద గోరు గీసినట్టు. దగ్గరగా కూర్చుంటేగానీ వినపడదు.

"మీ బావ ఎలా ఉన్నాడు?" అని అదే మొదట అడిగింది.

"కళ్ళు తగ్గాయి. మిగతా అంతా బాగే."

"ఇక్కడున్నన్నాళ్ళూ వారానికోసారి వచ్చేవాడయ్యా. ఆ కుర్చీలో కూర్చుని తప్పు నాదే అనేవాడు. నాకు విసుగొచ్చి ఓసారి తిట్టాను. తప్పు నీదే సరేలే, ఆ కిటికీ పట్టేసింది, దాన్ని బాగుచెయ్యి అన్నాను. చేశాడు. మళ్ళీ కూర్చుని, తప్పు నాదే అన్నాడు."

నేను రాసుకుంటున్నాను. ఆమె నా పెన్ను వైపు చూస్తూ అంది. "అయినా ఒకటి నాకు అంతుపట్టదు. ఆ మనిషి పన్నెండేళ్ళు నా ముందు రెండంకెలూ చెప్పాడు. తుమ్మినా రెండుసార్లు తుమ్మే మనిషి. ఆ ఒక్క రోజే ఒక అంకె ఎలా మింగుతాడు? నువ్వు రాతగాడివి కదా, కనుక్కో."

కనుక్కుంటానని చెప్పి నోటుపుస్తకం మూసేశాను.

బావా, ఇక నువ్వు ఉత్తరం చివర్న అడిగింది. నువ్వు చెప్పగా అక్క రాసిన మాటలు నా ముందే ఉన్నాయి. "పుస్తకంలో మంటల సంగతి రాయక తప్పదు. నా తప్పుంటే ఉన్నట్టే రాయి. కానీ ఒక్కటి నిజంగా చెప్పు. ఆ రోజు నీతో నేనేం చెప్పి పంపాను? రెండంకెలా, ఒకటేనా? నా జ్ఞాపకంలో రెండూ చెప్పినట్టే ఉంటుంది. నువ్వేమో ఒకటే అన్నావు. ఉత్సవానికి పాతవాళ్ళందరినీ పిలుస్తున్నారట గానీ ఏ మొహం పెట్టుకుని రానోయ్?"

కింద అక్క తన తరఫున ఒక వాక్యం కలిపింది. "నిన్న బస్సు నంబరు తప్పు చెప్పి వేరే చోట దిగాం, మీ బావ మళ్ళీ అంకె మింగాడు." ఇది ముప్పై ఎనిమిదేళ్ళుగా మన ఇంటి సామెత. ఉప్పు తేవడం మరిచిపోయినా, చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నా, నువ్వు అంకె మింగినట్టే. నేనూ ఆ సామెతకు నవ్వాను. నీ ఎదురుగా కూర్చుని ఎన్నోసార్లు నవ్వాను.

ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో నేను సగం చెప్పేసరికి నువ్వు "పోనీలేవోయ్" అంటావు. నేను దాన్ని పట్టుకుని ఆగిపోతాను. ఉత్తరానికి అడ్డు రాలేవు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు బటన్ పధ్నాలుగులో వసారా పైకప్పు తీగల దగ్గర నిప్పు పుట్టింది. నేను కింద హాల్లో ఉన్నాను. ఎవరో వ్యాపారిని ప్రశ్నలు అడగడానికి వచ్చి ఎదురుచూస్తున్నాను. ఉద్యోగంలో చేరి అయిదు నెలలు, ఇంకా ఖాయం కాలేదు. నువ్వు మూడో లిఫ్టులో జనాన్ని దించుతున్నావు. రెండో విడత దించాక, తలుపుకి కాలు అడ్డం పెట్టి నన్ను కేకేశావు.

"ఇదిగో, నేను బండి వదిలి రాకూడదు. ఫైరింజను వాళ్ళొచ్చారు. పరుగెత్తుకెళ్ళి చెప్పు. దుప్పట్ల గదిలో మనిషి ఉంది. బటన్ పధ్నాలుగు, మెట్లు పదమూడు. ఏదీ, నువ్వను."

"బటన్ పధ్నాలుగు, మెట్లు పదమూడు" అన్నాను.

అనిపించావు బావా. నాచేత పైకి అనిపించి పంపావు. నీకది గుర్తులేదేమో. నాకుంది.

గుమ్మం దగ్గర అగ్నిమాపక దళం అధికారి చేతికి తొడుగులు వేసుకుంటున్నాడు. "ఏ అంతస్తు?" అన్నాడు. నేను "పధ్నాలుగు" అన్నాను.

ఎందుకలా అన్నానంటే చెప్పుకోవడానికి పెద్ద కారణం లేదు. అంతకు ముందు రోజే మా సంపాదకుడు నా వార్త ఒకటి మొహాన కొట్టాడు. "ఒకే విషయానికి రెండంకెలు రాశావంటే నీకే తెలియదని అర్థం. ఒకటి కొట్టెయ్" అన్నాడు. గుమ్మం దాకా నడిచే ఆ ఇరవై అడుగుల్లో నేను నీ కబురుని దిద్దాను. బటన్లు, మెట్లు అంటే ఆయనకి అయోమయంగా ఉంటుందని, ఒకటి కొట్టేశాను. లిఫ్టులు అప్పటికి ఆపేస్తున్నారని, వాళ్ళు వెళ్ళేది మెట్ల మీదేనని నా బుర్రకి తట్టలేదు.

వాళ్ళు మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. పధ్నాలుగో తలుపు తీశారు. అది బటన్ పదిహేను. పొగ పైకి పోతుంది కాబట్టి అక్కడా పొగే. అదే చోటనుకుని ఆరు గదుల తలుపులు పగలగొట్టి వెతికారు. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ దుప్పట్లమ్మ సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద, తలుపు సందులో తడి తువ్వాళ్ళు కుక్కి, నేల మీద బోర్లా పడుకుని, అరుస్తూ ఉంది. గొంతు పోయింది అక్కడే. ప్రాణం దక్కింది ఆ తువ్వాళ్ళ వల్ల. నా వల్ల కాదు.

నాలుగో రోజు మేనేజరు గదిలో విచారణ. కబురు ఎవరిదని అడిగితే నాదే అన్నావు. రెండంకెలూ చెప్పావా అంటే, "చెప్పాననే అనుకుంటున్నానండీ. మా బావమరిది విన్నాడు, అడగండి" అన్నావు. నన్ను లోపలికి పిలిచారు. నేను అన్నది వాళ్ళ కాగితం మీద ఉంది, మొన్న నా కళ్ళతో నేనే చదువుకున్నాను. "ఒక అంకే చెప్పాడు. కంగారులో ఉన్నాడు."

బయట వసారాలో నువ్వు నన్ను ఆపావు. "నేను రెండూ చెప్పాను కదోయ్?"

"ఒకటే బావా. కంగారులో ఉన్నావు."

"కంగారులో ఉన్నానా?"

"ఉన్నావు."

నువ్వు కాసేపు నీ చేతుల వంక చూసుకుని, "అయితే ఉండే ఉంటాను" అన్నావు. అంతకంటే ఒక్క మాట అడగలేదు. సోమవారం నుంచి నిన్ను ఉతుకుడు గదికి మార్చారు. ఆ వారమే మా పత్రికలో నా వార్త వచ్చింది. "లిఫ్టు ఉద్యోగి తొందరపాటు వల్ల" అనే మాటలు అందులో ఉన్నాయి. అవి నేను రాసినవే, సంపాదకుడు కలిపినవి కావు. మరుసటి నెల నా ఉద్యోగం ఖాయమైంది.

అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. నీ జ్ఞాపకాన్నే నువ్వు నమ్మకుండా చేయడం ఇంకో ఎత్తు. మొదటిది భయంతో ఒక్కసారే చేశాను. రెండోది మీ ఇంట్లో అన్నం తింటూ ముప్పై ఎనిమిదేళ్ళు చేశాను.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. ఇది పాతది కాదు, మూడు వారాల కిందటిది. పాత కాగితాల్లో నీ లిఫ్టు రిజిస్టరు దొరికింది. ఆ రోజు పేజీలో, సాయంత్రం నాలుగున్నరకి నీ చేత్తో రాశావు. "బ. 14, మె. 13 అని బావమరిదితో కబురు పంపాను." విచారణలో ఎవరూ ఆ పేజీ తెరవలేదు, లేదా తెరిచి మూసేశారు. దాన్ని చూసి నేనేం చేశానో తెలుసా? సంతోషించాను. నా మాట ఎత్తకుండానే నీకు న్యాయం చేయొచ్చనుకున్నాను. కూర్చుని ఆ అధ్యాయం రాశాను. అందులో ఈ వాక్యం ఉంది. "కబురు చేరే దారిలో ఒక అంకె జారిపోయింది."

దానంతటదే జారిపోయిందట. ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళకి నేర్పాను, వాక్యంలో పని చేసినవాడు కనపడాలని. చదివినవాళ్ళు ఎవరిని అనుమానిస్తారు? దళం అధికారిని. ఆయన చనిపోయి పదకొండేళ్ళయింది, వచ్చి కాదనడు. ఆ వాక్యం ఉన్న పేజీ జేబులో పెట్టుకునే దుప్పట్లమ్మ దగ్గరికి వెళ్ళాను. కనుక్కో అని ఆమె అన్నప్పుడు అది నా జేబులోనే ఉంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆమెకి చెప్పాను. ఆమె లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి అంచు ఊడదీసి మళ్ళీ మడిచింది. తర్వాత అంది. "నాకెందుకు చెబుతున్నావు? నేను కిటికీతో సరిపెట్టుకున్నాను. వెళ్ళి ఆయనకి చెప్పు. అంతకంటే ముందు మీ అక్కకి చెప్పు, ఆవిడకి కోపం ఎక్కువ."

ఇద్దరికీ ఒకేసారి చెబుతున్నాను.

పేజీ మార్చి రాశాను. అరవై ఒకటో పేజీ. నీ రిజిస్టరు ఫోటో, దాని కింద ఈ మాటలు. "లిఫ్టు ఉద్యోగి రెండంకెలూ చెప్పి పంపాడు. కబురు మోసిన అతని బావమరిది ఒకటి మాత్రమే చెప్పాడు, విచారణలో అబద్ధమాడాడు. ఈ పుస్తకం రాసింది అతనే." మేనేజరు చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఉత్సవ పుస్తకంలో ఇది అవసరమాండీ? మీ పరువు మీరే తీసుకుంటున్నారు" అన్నాడు. ఆ పేజీ తీస్తే మిగతా పేజీల కింద నా పేరు కూడా తీసేయమన్నాను. రెండు రోజులు ఆలోచించి ఉంచుతానన్నాడు. మా పాత పత్రికకీ నాలుగు వాక్యాల సవరణ పంపాను. ఇప్పటి సంపాదకురాలు ఫోను చేసి, "సార్, ఏ ఏడాది వార్తకి?" అని రెండుసార్లు అడిగింది. వేస్తానంది.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: రెండూ చెప్పావు బావా. నువ్వు కంగారులో లేవు. తలుపుకి కాలు అడ్డం పెట్టుకుని, ఊపిరి కూడా ఎగపీల్చకుండా చెప్పావు. నీ జ్ఞాపకం ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఏ మొహం పెట్టుకుని రావాలని అడిగావు. నీ మొహంతోనే రా. దుప్పట్లమ్మ వస్తానంది. ఎలక్ట్రీషియను ఆ స్టూలు దాచి ఉంచాడు, అట్టముక్కతో సహా. నన్ను అక్కడ చూడలేననిపిస్తే ఒక్క ముక్క రాయించు, ఆ రోజు నేను ఇంట్లోనే ఉండిపోతాను. క్షమించమని అడగడం లేదు. అడిగితే వెంటనే ఇచ్చేస్తావు, నాకు భయం అదే.

అక్కా, ఆగకుండా చదివినందుకు సంతోషం. ఆగి ఉంటే, ఎక్కడ ఆగావో నాకు తెలుసు. ఇప్పుడు నువ్వు అనాలనుకున్నవన్నీ అను. కానీ ఆ సామెత బావ మీద ఇక వాడకు. ఉప్పు మరిచిపోయినా సరే, బస్సు తప్పినా సరే.

ఇట్లు,
ఆ అంకె మింగిన
నీ బావమరిది